మేత, వేడి, అవటు గ్రంథి: పశుపోషణ శాస్త్రంలో ఒక ఆలోచన చరిత్ర

ఈ భాగం చదవడానికి ముందు ఒక చిన్న ప్రశ్నకు మీకు తోచిన జవాబును నోటుపుస్తకంలో రాసుకోండి. ఒకే వయసు, ఒకే బరువు ఉన్న రెండు పందులున్నాయి అనుకుందాం. మొదటిదానికి మొదట్లో మేత తక్కువగా ఇచ్చి, తరవాత కడుపునిండా పెట్టారు. రెండోదానికి మొదట్లో కడుపునిండా పెట్టి, తరవాత తగ్గించారు. ఈ రోజు తూకం వేస్తే రెండూ సరిసమానంగా తూగాయి. ఇప్పుడు రెండింటికీ మేత ఆపి, వాటి శరీరాల నుంచి వెలువడే వేడిని కొలిస్తే ఏ పంది ఎక్కువ వేడిని విడుదల చేస్తుంది?

బరువు ఒకటే కాబట్టి వేడి కూడా ఒకటే అని మీరు రాసి ఉంటే, నొచ్చుకోవలసిన పని లేదు. పందొమ్మిదో శతాబ్దం చివరిలోని పెద్ద శాస్త్రజ్ఞులు కూడా చాలావరకు అలాగే అనుకున్నారు. మొదటి పందే ఎక్కువ వేడిని విడుదల చేస్తుందని, పశువు గతంలో తిన్న మేత దాని నేటి ఖర్చును నిర్ణయిస్తుందని స్థిరపడడానికి సుమారు రెండు వందల ఏళ్లు పట్టింది. ఆ ప్రయాణంలో రెండు వేరువేరు దారులున్నాయి. ఒకటి వేడిని కొలిచినవారి దారి, రెండోది మెడలోని ఒక చిన్న గ్రంథిని పరిశీలించినవారి దారి. ఈ రెండూ ఎక్కడ కలిశాయో, కలవడానికి ముందు జరిగిన ఒక పొరపాటుకు పాడి ఆవులు ఎలాంటి మూల్యం చెల్లించాయో ఇప్పుడు తెలుసుకుందాం.

మంచు కరిగించిన గినీపంది

1782-83 చలికాలంలో పారిస్‌లో లావోజియే, లాప్లాస్ అనే ఇద్దరు ఒక గినీపందిని చుట్టూ మంచుగడ్డలు పేర్చిన పాత్రలో ఉంచారు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచారు. అది వదిలిన బొగ్గుపులుసు వాయువును కూడా కొలిచారు. అంతే వాయువును ఇచ్చే బొగ్గును మండిస్తే ఎంత మంచు కరుగుతుందో దానితో పోల్చి, శ్వాసక్రియ అంటే చాలా నెమ్మదిగా సాగే ఒక దహనమే అని నిర్ధారించారు. జీవక్రియ అనే భావనకు పునాది ఇక్కడే పడింది.

మన పాఠానికి దీనికంటే ముఖ్యమైనది లావోజియే కొన్నేళ్ల తరవాత సెగ్యాతో కలిసి చేసిన పని. మనిషి ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు, తిన్న తరవాత, చలిలో, పని చేస్తున్నప్పుడు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాడో వారు కొలిచారు. తిన్న తరవాత ఆక్సిజన్ వాడకం పెరిగింది. అంటే మేతకూ వేడికీ సంబంధం ఉందని 1790 నాటికే తెలుసు. అయితే 1794లో ఫ్రెంచి విప్లవకాలంలో లావోజియేకు మరణశిక్ష అమలు చేశారు. ఆ పని చాలాకాలం అక్కడే ఆగిపోయింది.

తరవాతి శతాబ్దంలో ఈ దారి జర్మనీకి చేరింది. మాక్స్ రుబ్నర్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, జంతువు తిన్న ఆహారంలోని శక్తి లెక్కకూ, దాని నుంచి వెలువడిన వేడి లెక్కకూ తేడా లేదని 1894లో చూపాడు. లైప్‌జిగ్ దగ్గర మ్యోకెర్న్‌లో ఓస్కార్ కెల్నర్ ఎడ్లను శ్వాసగదుల్లో ఉంచి, ఏ మేత ఎంత కొవ్వును కూడబెడుతుందో లెక్కగట్టాడు. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ కాలేజీలో హెన్రీ ఆర్మ్స్‌బీ ఒక ఎద్దు పట్టేంత పెద్ద కెలోరిమీటర్‌ను 1902 నాటికి సిద్ధం చేశాడు. ఆవుకు రోజుకు ఎంత దాణా కావాలో చెప్పే పట్టికలు ఈనాడు మీ చేతికి వస్తున్నాయంటే, దాని వెనక ఈ గదుల్లో నిలబడిన ఎడ్లున్నాయి.

ఆ పట్టికల్లో ఒక ఊహ ఇమిడి ఉంది, దాన్ని మీరు గుర్తించాలి. పెరగకుండా, తరగకుండా, పని చేయకుండా పశువు కేవలం బతికి ఉండడానికి అయ్యే ఖర్చును 'నిర్వహణ అవసరం' అంటాం. ఈ ఖర్చు పశువు శరీర పరిమాణాన్ని బట్టి స్థిరంగా ఉంటుందని అప్పట్లో అనుకున్నారు. ఇంటి అద్దెలాగా అన్నమాట. తిన్నా తినకపోయినా నెల తిరిగేసరికి కట్టక తప్పదు.

గొర్రెల గ్రంథులు, మనుషుల రోగాలు

ఇక రెండో దారి. అవటు గ్రంథి, అంటే థైరాయిడ్, గొంతు ముందు భాగంలో శ్వాసనాళానికి ఆనుకుని ఉంటుంది. దీని పని ఏమిటో పందొమ్మిదో శతాబ్దం చివరివరకు స్పష్టంగా తెలియదు. 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జ్ మరే అనే వైద్యుడు గొర్రెల అవటు గ్రంథి నుంచి తీసిన రసాన్ని ఒక రోగికి సూది ద్వారా ఇచ్చాడు. ఆమెకు ఒళ్లు ఉబ్బి, చలి ఓర్చుకోలేక, కదలికలు మందగించే మిక్సెడీమా అనే జబ్బు ఉండేది. ఆమె కోలుకుని, మరో 28 ఏళ్లు బతికింది. అన్నేళ్లలో ఆమెకు అందిన మందు కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు వాడినట్లు లెక్క ఉంది.

1895లో బెర్లిన్‌లో అడాల్ఫ్ మాగ్నస్-లెవీ ఈ రెండు దారులకూ మొదటి వంతెన కట్టాడు. అవటు గ్రంథి మందగించిన రోగులు విశ్రాంతిలో వాడుకునే ఆక్సిజన్ మామూలు కంటే బాగా తక్కువని, గ్రంథి అతిగా పనిచేసేవారిలో ఎక్కువని ఆయన కొలిచి చూపాడు. అంటే జీవక్రియ అనే పొయ్యికి ఈ గ్రంథి మంటను ఎగదోసే చేయి లాంటిది. మరుసటి ఏడే బౌమన్ ఆ గ్రంథిలో అయోడిన్ ఉన్నట్లు ప్రకటించాడు. 1914 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండల్ అందులోని చురుకైన పదార్థాన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు. దానికే థైరాక్సిన్ అని పేరు పెట్టారు. సుమారు 3 టన్నుల పంది గ్రంథుల నుంచి ఆయనకు దొరికింది 33 గ్రాములు. లండన్‌లో చార్లెస్ హారింగ్‌టన్ 1926లో దాని నిర్మాణాన్ని తేల్చి, 1927లో జార్జ్ బార్జర్‌తో కలిసి ప్రయోగశాలలోనే తయారు చేశాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి గమనించండి. ఈ దారి పొడవునా కబేళాల నుంచి వచ్చిన గొర్రెలు, పందులు ముడిసరుకుగా ఉన్నాయి. వాటి గ్రంథులతో మనుషుల రోగాలు నయమయ్యాయి. కాని ఆ గొర్రెకు మేత తగ్గితే దాని సొంత గ్రంథి ఏం చేస్తుంది అన్న ప్రశ్నను చాలాకాలం ఎవరూ గట్టిగా అడగలేదు. పశువు నుంచి శాస్త్రం ముందుగా తీసుకుంది, తిరిగి ఇచ్చింది ఆలస్యంగా. ఈ రచయిత దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో గుర్తుంచుకోవలసిన సంగతుల్లో ఇదొకటి.

అద్దె తగ్గించుకున్న కోడెలు

స్థిరమైన ఖర్చు అనే నమ్మకాన్ని మొదట కదిపింది యుద్ధకాలపు ఆహార కొరత. బోస్టన్‌లోని కార్నెగీ పోషణ ప్రయోగశాల అధిపతి ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ 1917-18లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఒక కళాశాల విద్యార్థులకు వారి అంగీకారంతోనే ఆహారం తగ్గించి పెట్టాడు. వారి బరువు సుమారు పదోవంతు తగ్గింది. విశ్రాంతిలో వారి జీవక్రియా రేటు మాత్రం దాదాపు ఐదోవంతు తగ్గింది. శరీరం చిన్నదైనందువల్ల మాత్రమే ఖర్చు తగ్గి ఉంటే రెండు తగ్గుదలలూ ఒకే స్థాయిలో ఉండాలి. అలా లేవు. కొరతను గమనించి శరీరమే పొదుపు మొదలుపెట్టింది.

అదే ప్రశ్నను బెనెడిక్ట్ పశువుల దగ్గరికి తీసుకువెళ్లాడు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని డర్హమ్‌లో ఎర్నెస్ట్ రిట్జ్‌మన్‌తో కలిసి, విత్తు కొట్టిన కోడెలకు చలికాలమంతా నిర్వహణ అవసరానికి సగం మేతే ఇచ్చారు. పశువులు పట్టేంత శ్వాసగదిలో వాటి వేడిని కొలిచారు. తరవాత పచ్చికలోకి వదిలి, తిరిగి కండ పట్టే తీరును నమోదు చేశారు. 1923లో వచ్చిన వారి గ్రంథం పేరులోనే తక్కువ మేత, జీవక్రియ, జీర్ణక్రియ, తిరిగి మేపడం అన్న మాటలన్నీ ఉన్నాయి. ఫలితం స్పష్టం. సగం మేత మీద కోడెలు బరువు కోల్పోయాయి. కాని బరువు తగ్గిన నిష్పత్తి కంటే ఎక్కువగా వాటి వేడి తగ్గింది. అవి చావలేదు, జబ్బుపడలేదు. అద్దె తగ్గించుకుని అదే ఇంట్లో కాలం గడిపాయి. పచ్చిక దొరకగానే త్వరగా పుంజుకున్నాయి.

రెండో ప్రపంచయుద్ధం చివర అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది స్వచ్ఛంద సేవకుల మీద చేసిన అర్ధాకలి ప్రయోగం మనుషుల్లో ఇదే విషయాన్ని మరింత గట్టిగా రుజువు చేసింది. ఈ లోపల పశువుల రంగంలో కేంబ్రిడ్జ్‌లో మెక్‌మీకన్ పందులను నాలుగు రకాలుగా పెంచి చూశాడు: మొదటినుంచీ ఎక్కువ మేత, మొదటినుంచీ తక్కువ మేత, ముందు ఎక్కువ తరవాత తక్కువ, ముందు తక్కువ తరవాత ఎక్కువ. శరీరంలో ఏ భాగం ఎప్పుడు పెరుగుతుందో తెలుసుకోవడం ఆయన ఉద్దేశం. అయితే ఆయన వేసిన ఆ పథకమే నలభై ఏళ్ల తరవాత మన ప్రశ్నకు జవాబిచ్చిన ప్రయోగాలకు నమూనా అయింది.

మేత తగ్గితే మంట తగ్గుతుంది. మంటను నియంత్రించేది అవటు గ్రంథి. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెడితే మూడో వాక్యం దానంతట అదే తోస్తుంది కదా? కాని చరిత్ర అలా సూటిగా నడవలేదు. మొదట తలకిందుల దారి పట్టింది.

అయోడిన్ కలిపిన కేసిన్

మంటను ఎగదోస్తే పాలు కూడా పెరుగుతాయా అన్న ఆలోచన 1930లలో మొదలైంది. 1934లో గ్రాహమ్ అనే పరిశోధకుడు థైరాక్సిన్ ఇస్తే ఆవుల పాలు, వెన్న పెరుగుతాయని చూపాడు. అప్పుడు థైరాక్సిన్ చాలా ఖరీదు కాబట్టి అది ప్రయోగశాల దాటలేదు. 1939లో జర్మనీలో పాల మాంసకృత్తు అయిన కేసిన్‌కు అయోడిన్ కలిపితే అందులో థైరాక్సిన్ తయారవుతుందని కనుక్కున్నారు. పాలపొడి లాంటి చవక సరుకు నుంచి హార్మోన్! మిస్సోరీలో రైనెకీ, టర్నర్ 1942 నాటికి దాన్ని బాగా చురుకైన రూపంలో తయారుచేసే పద్ధతిని సిద్ధం చేశారు. దాణాలో కలిపి పెడితే చాలు, సూదితో పని లేదు.

యుద్ధంలో పాల కొరతతో ఉన్న బ్రిటన్‌కు ఇది వరంలా కనిపించింది. కెన్నెత్ బ్లాక్స్టర్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఇంగ్లండు, వేల్స్‌లోని మామూలు రైతుల పాడి మందల్లోనే దీన్ని పరీక్షించి, ఫలితాలను 1946 నాటికి ప్రచురించాడు. కొద్ది రోజుల్లోనే పాలు పెరిగాయి. దానితోపాటు ఆవుల గుండె వేగం పెరిగింది, శ్వాస వేగం పెరిగింది. మేత పెంచని చోట ఒంట్లో కండ, కొవ్వు కరిగిపోయాయి. పొడి ఆపగానే దిగుబడి ఒక్కసారిగా పడిపోయింది. అమెరికాలో తరవాత ఈతకు ఈత చొప్పున ఎక్కువకాలం చేసిన పరీక్షల్లో, ఈత మొత్తం మీద చూస్తే వచ్చిన లాభం స్వల్పమని, పెరిగిన మేత ఖర్చు దాన్ని మింగేస్తుందని తేలింది. వేసవిలో ఈ పొడి తిన్న ఆవులు ఎండను తట్టుకోవడం మరీ కష్టమైంది. లోపల మంట పెరిగితే బయటి వేడిని వదిలించుకోవడం ఎలా?

ఆ పొడి దాణాలో లేని శక్తిని సృష్టించలేదు. ఆవు తన దగ్గర దాచుకున్నదాన్ని బయటికి తీసేలా చేసింది, అంతే. పైగా తరవాతి దశాబ్దాల్లో రక్తపరీక్షలు వచ్చాక ఒక విడ్డూరం బయటపడింది. ఈనిన కొత్తలో, పాలు ఉచ్ఛస్థాయిలో ఉన్నప్పుడు, తిన్న మేత పాలకు చాలక ఆవు తన ఒంటి నిల్వలను వాడుతుంది. సరిగ్గా ఆ సమయంలో ఆవు రక్తంలో అవటు హార్మోన్లు తగ్గుతాయి. తన సొంత ఖర్చు తగ్గించుకుని ఆ మిగులును పొదుగుకు మళ్లిస్తుంది. శాస్త్రజ్ఞులు ఏ హార్మోన్‌ను పెంచి పాలు తీయాలనుకున్నారో, ఆవు అదే హార్మోన్‌ను తగ్గించి పాలిస్తోంది. పాడి గురించి మీరు చదవబోయే పాఠాల్లో ఈ సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

దీనికి ఎదురు ప్రయత్నం కూడా జరిగింది. అవటు గ్రంథిని అణచే థయోయురాసిల్ వంటి మందులిస్తే పందులు, పశువులు తక్కువ మేతతో బరువెక్కుతాయని ఆశించారు. బరువు పెరిగిన మాట నిజమే, కాని అందులో ఎక్కువ భాగం కండ కాదు, పేగుల్లోను కణజాలాల్లోను నిలిచిన నీరు. కొనుగోలుదారుకు ఇది మోసం, మాంసంలో మందు అవశేషాల భయం దానికి తోడు. 1981లో యూరోపియన్ ఆర్థిక సమాజం పశువుల్లో ఇలాంటి మందుల వాడకాన్ని నిషేధించింది.

నాలుగు పరమాణువుల నుంచి మూడుకు

పొరపాటుకు మూలం గ్రంథిని ఒక కుళాయిలా ఊహించడంలో ఉంది. తిప్పితే ఎక్కువ, కడితే తక్కువ అనుకున్నారు. అసలు కథ కుళాయి దగ్గర లేదని 1952 తరవాత అర్థమవుతూ వచ్చింది. ఆ ఏడు లండన్‌లో జాక్ గ్రాస్, రోసలిండ్ పిట్-రివర్స్ రక్తంలో మరో హార్మోన్‌ను కనుక్కున్నారు. థైరాక్సిన్‌లో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి కాబట్టి దాన్ని టి4 అంటాం. కొత్తదానిలో మూడే ఉన్నాయి. అందుకే అది టి3. పరిమాణంలో తక్కువే గాని, చురుకుదనంలో టి4 కంటే ఎన్నో రెట్లు మిన్న.

ఈ టి3 ఎక్కడ తయారవుతుంది? 1970లో బోస్టన్‌లో బ్రేవర్‌మన్, ఇంగ్‌బార్, స్టెర్లింగ్ అవటు గ్రంథి పనిచేయని మనుషులకు టి4 మాత్రమే ఇచ్చి చూశారు. వారి రక్తంలో టి3 కనిపించింది. గ్రంథి లేకుండానే టి3 వచ్చిందంటే, కాలేయం, మూత్రపిండాలు వంటి అవయవాలే టి4 నుంచి ఒక అయోడిన్ పరమాణువును తొలగించి టి3ని తయారుచేస్తున్నాయన్నమాట. ఈ తొలగింపులో రెండు దారులున్నాయి. అణువు వెలుపలి వలయం నుంచి అయోడిన్ పోతే చురుకైన టి3 వస్తుంది. లోపలి వలయం నుంచి పోతే దాదాపు పనిచేయని 'విలోమ టి3' వస్తుంది. ధాన్యం ఒక్కటే. అది తినడానికి బియ్యంగా మారుతుందా, పక్కకు పోయే ఊకగా మారుతుందా అన్నది మర దగ్గర తేలుతుంది.

ఇంత సూక్ష్మమైన కొలతలకు దారి చూపింది రేడియోఇమ్యునోఎస్సే. ఆ పద్ధతిని రూపొందించినందుకు రోసలిన్ యాలోకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడు ఆమెతో ఆ బహుమతిని పంచుకున్న గీమాన్, షాలీ అవటు గ్రంథికి మెదడు నుంచి వచ్చే ఆజ్ఞను గుర్తించినవారు. వారికి కావలసిన పదార్థం లక్షల కొద్దీ గొర్రెలు, పందుల మెదడు ముక్కల నుంచి దొరికింది. మళ్లీ కబేళాయే!

1975లో వేగనాకిస్ బృందం పూర్తి ఉపవాసంలో ఉన్న మనుషుల్లో టి3 పడిపోయి, విలోమ టి3 పెరుగుతుందని చూపింది. 1979లో అమెరికాలో డాన్‌ఫర్త్ బృందం అతిగా తిన్న మనుషుల్లో టి3 పెరుగుతుందని ప్రచురించింది. ఎనభై ఏళ్ల క్రితం మాగ్నస్-లెవీ కట్టిన వంతెన మీద ఇప్పుడు రాకపోకలు మొదలయ్యాయి. తిన్న మోతాదును బట్టి, చురుకైన హార్మోన్ తయారయ్యే వాటా మారుతోంది.

తిరిగి కొట్టంలోకి

పశువుల వంతు ఇప్పటికి వచ్చింది. స్విట్జర్లాండ్‌లో బ్లమ్ బృందం 1981లో ఉపవాసం ఉన్న పశువుల్లో అవటు హార్మోన్లను కొలిచింది. 1985లో ఇంకా ముఖ్యమైన పని ప్రచురించింది. కోడెలకు నెలల తరబడి మేత తగ్గించి, తరవాత పెంచారు. మేత తగ్గినంతకాలం టి3, టి4 రెండూ తక్కువ స్థాయికి దిగాయి. మేత పెంచగానే మళ్లీ ఎక్కాయి. బెనెడిక్ట్ కోడెలు అరవై ఏళ్ల క్రితం దేనివల్ల 'అద్దె' తగ్గించుకున్నాయో, ఆ మార్గంలో ఒక ముఖ్యమైన భాగం వెలుగులోకి వచ్చింది.

ఇంగ్లండులోని బాబ్రహమ్‌లో పరిశోధకులు మరో చిక్కుముడి విప్పారు. చలి కూడా అవటు గ్రంథిని పురిగొల్పుతుందని పాత పాఠ్యపుస్తకాలు చెప్పేవి. అయితే చలిలో పశువుకు ఆకలి ఎక్కువై మేత కూడా ఎక్కువ తింటుంది కదా! అప్పుడు మార్పుకు కారణం చలా, మేతా? మకారీ, డాన్సీ, ఇన్‌గ్రమ్ తదితరులు పంది పిల్లలను వెచ్చని చోట, చల్లని చోట ఉంచి, రెండు చోట్లా కొన్నింటికి ఎక్కువ, కొన్నింటికి తక్కువ మేత పెట్టారు. 1983లో వచ్చిన ఫలితాల్లో మేత మోతాదు ప్రభావం వాతావరణ ప్రభావం నుంచి విడిగా కనిపించింది. ప్రయోగ రూపకల్పన ఎలా ఉండాలో నేర్చుకోవడానికి ఈ పని మీకు మంచి ఉదాహరణ.

మొదట్లో మిమ్మల్ని అడిగిన పందులు కూడా ఈ కాలంవే. అమెరికాలోని నెబ్రాస్కాలో క్లే సెంటర్ వద్ద కూంగ్, నీనాబర్, ఫెరెల్ తదితరులు 1980లలో మెక్‌మీకన్ పద్ధతిలో పందులను, గొర్రె పిల్లలను పెంచి ఒకే బరువుకు తెచ్చారు. ఇటీవల బాగా తిన్నవాటి ఉపవాసకాలపు వేడి, ఇటీవల తక్కువ తిన్నవాటి కంటే చాలా ఎక్కువగా ఉంది. కోసి చూస్తే కారణం కనిపించింది. బాగా తిన్నవాటి కాలేయం, పేగులు, మూత్రపిండాలు పెద్దవిగా ఉన్నాయి. శరీర బరువులో కాలేయం, జీర్ణమండలం వాటా తక్కువే అయినా, నిర్వహణ ఖర్చులో దాదాపు సగం వాటివే. ఎక్కువ మేతను అరిగించడానికి వంటశాల పెద్దదవుతుంది, పెద్ద వంటశాలకు ఎక్కువ కట్టెలు కావాలి. మేత తగ్గితే పశువు ముందుగా కుదించుకునేది ఆ వంటశాలనే.

అయితే అంతా టి3 ఒక్కదాని పనే అని రాస్తే మీ జవాబు అసంపూర్ణం అవుతుంది. మేత తగ్గినప్పుడు ఇన్సులిన్ తగ్గుతుంది, ఇన్సులిన్‌ను పోలిన పెరుగుదల కారకం తగ్గుతుంది, పెరుగుదల హార్మోన్ పెరుగుతుంది. 1996లో ఎలుకలపై జరిగిన పరిశోధన, కొవ్వు కణాలు విడుదల చేసే లెప్టిన్ తగ్గడమే ఉపవాసంలో అవటు హార్మోన్ల తగ్గుదలకు ఒక ముఖ్యమైన సంకేతమని చూపింది. టి3 ఈ బృందంలో గట్టి గొంతు, ఏకైక గొంతు కాదు.

ఒంగోలు నుంచి రాక్‌హాంప్టన్‌కు

ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో ఏటా వానలు లేని పొడవైన కాలం ఉంటుంది. ఆ కాలంలో పచ్చిక ఎండి, మాంసకృత్తులు తరిగిపోతాయి. బ్రిటిష్ జాతుల పశువులు అక్కడ ఎముకల గూళ్లయ్యేవి. రాక్‌హాంప్టన్‌లో ఫ్రిష్, వెర్కో 1960, 70లలో బ్రాహ్మన్ జాతి పశువులను, బ్రిటిష్ జాతులను పోల్చి చూశారు. బ్రాహ్మన్ పశువుల ఉపవాసకాలపు జీవక్రియా రేటు తక్కువ. నాసిరకం మేత మీద అవి కోల్పోయే బరువూ తక్కువ. మంచి మేత పుష్కలంగా దొరికినప్పుడు మాత్రం బ్రిటిష్ జాతులదే పైచేయి.

బ్రాహ్మన్ జాతి అమెరికాలో తయారైంది గాని, దాని పూర్వీకులు మన దేశపు పశువులు. గుజరాత్ ప్రాంతపు జాతులతో పాటు మన ఒంగోలు జాతి రక్తం కూడా అందులో ఉంది. ఒంగోలు గిత్తలు బ్రెజిల్ చేరి, నెల్లూరు పేరు మీదుగా 'నెలోర్' అయ్యాయి. మూపురం ఉన్న ఈ పశువుల నిర్వహణ అవసరం బ్రిటిష్ మాంసపు జాతుల కంటే సుమారు పదో వంతు తక్కువని అమెరికా పోషణ ప్రమాణాల పట్టికలు లెక్కలోకి తీసుకుంటాయి. ఎండిన బీళ్ల మీద తరాల తరబడి నిలదొక్కుకున్న పశువు పొదుపును జాతి లక్షణంగానే మార్చుకుంది. తక్కువ దిగుబడి అంటూ ఆ పశువును తేలిగ్గా తీసిపారేసేవారు, దాని తక్కువ ఖర్చును కూడా లెక్కలో రాయాలి.

రాయలసీమలోనో, పాలమూరులోనో మే నెలలో కొట్టంలో నిలబడి వట్టి చొప్ప నములుతున్న ఆవును మీరు ఈ చరిత్ర తెలిసిన కళ్లతో చూడండి. దాని రక్తం తీసి పరీక్షిస్తే టి3 తక్కువగా రావచ్చు. అది అవటు గ్రంథి జబ్బు కాకపోవచ్చు. మేత తక్కువైన పశువు చేసుకున్న సర్దుబాటు కావచ్చు. అప్పుడు హార్మోన్ ఇచ్చి దాన్ని 'సరిచేయాలని' చూస్తే 1940ల పొడి కథే పునరావృతం అవుతుంది. మంట పెరిగి, కండ కరుగుతుంది. ఇవ్వవలసింది మేత. వానలు పడి పచ్చిక వచ్చాక తగ్గిన ఖర్చు వెంటనే పాత స్థాయికి ఎక్కదు కాబట్టి, తిన్నదాంట్లో మిగులు ఎక్కువై పశువు వేగంగా పుంజుకుంటుంది. దీన్నే పరిహార పెరుగుదల అంటారు. కాని ఆకలితో ఉన్న పశువుకు ఒక్కసారిగా గంపెడు దాణా పోస్తే పొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. గడ్డితో మొదలుపెట్టి, దాణాను వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా పెంచాలి. లేత దూడల్లోను, చూడి ఆవుల్లోను ఈ పొదుపుకు హద్దు త్వరగా వచ్చేస్తుంది. వాటికి వేసవి మేతలో మొదటి వాటా ఇవ్వాలి.

అభ్యాసం: మీ ఊళ్లో ఒక రైతును కలిసి, ఆయన పశువుల్లో ఒకదానికి గత ఏడాది నెలనెలా ఏ మేత, సుమారు ఎంత దొరికిందో అడిగి పట్టిక వేయండి. ఏ నెలల్లో అది చిక్కింది, ఏ నెలలో పుంజుకుంది, ఎన్నడు ఎదకు వచ్చింది అన్నవి అదే పట్టికలో రాయండి. ఆ పశువు తన నిర్వహణ ఖర్చును ఏ నెలల్లో తగ్గించుకుని ఉంటుందో, ఎందుకో రెండు పుటల్లో వివరించండి. మొదట నోటుపుస్తకంలో రాసుకున్న జవాబును కూడా దానికి జతచేయండి.